మాకు ఓడిపోయే హక్కు కావాలి

1982 డిసెంబరు 1. నాకప్పుడు పన్నెండేళ్లు. నల్లగొండ జిల్లాలో సడక్ మీది ఊరు మాది. బస్టాండు పక్కన మా అబ్బాకు సైకిల్ షాపుండేది. పది అద్దె సైకిళ్లు, పంక్చర్ చూసే నీళ్ల తొట్టి, మేకుకు వేలాడే రేడియో. అంతే ఆస్తి. ఆ రోజు ఢిల్లీ ఆసియా క్రీడల్లో హాకీ ఫైనల్. ఇండియాకూ పాకిస్తాన్‌కూ. టీవీ ఇంకా మా ఊరికి రాలేదు. షాపు ముందర ఇరవై ముప్పై మంది చేరారు. కరణం గారి అబ్బాయి, కిరాణా కొట్టు సేటు, మాదిగ్గూడెం నుంచి ఇద్దరు ముగ్గురు, మా సాయిబులు నలుగురైదుగురు. కామెంటరీ హిందీలో వచ్చేది. ఆ గుంపులో హిందీ సరిగా అర్థమయ్యేది మా అబ్బాకే. రేడియో చెప్పిన దాన్ని ఎప్పటికప్పుడు తెలుగులోకి మార్చి చెప్పడం ఆయన పని. ఆ పనిని ఆయన గర్వంగా చేసేవాడు. మామూలు రోజుల్లో ఎవరూ ఆయన నోటి వంక చూసేవాళ్లు కాదు. ఆట రోజున అందరూ చూసేవాళ్లు.

మొదటి గోలు మనం కొట్టాం. అబ్బా పానా ఎత్తి గాల్లో తిప్పాడు. సేటు అందరికీ చాయ్ చెప్పాడు. ఆ తర్వాత పాకిస్తాన్ ఒకటి కొట్టింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత లెక్క తప్పింది. ఏడు. ఏడు గోల్సూ మా అబ్బా నోటి నుంచే తెలుగులోకి రావాల్సి వచ్చింది. రేడియోను ఎవరూ తిట్టలేరు కదా. గోలు గోలుకూ జనం ఆయన్ని చూసే చూపు మారిపోతూ వచ్చింది. ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. మధ్యలో ఎక్కడో హసన్ సర్దార్ ఇద్దరు ముగ్గుర్ని తప్పించుకుని బంతితో దూసుకుపోతున్నాడని రేడియో అరుస్తుంటే, అబ్బా నోటి నుంచి ఒక్క మాట జారింది: 'వాహ్!'

అంతే. ఒక్క మాట. హాకీ ప్రేమించే మనిషి నోటి నుంచి హాకీ చూసి వచ్చిన మాట.

"నీకేంది సాయిబూ, మీవోళ్లు గెలిచిండ్రు గదా, సంబరం చేస్కో" అన్నాడు కరణం గారి అబ్బాయి. నవ్వుతూనే అన్నాడు. గుంపులో చాలామంది నవ్వారు. మా అబ్బా కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. అది నవ్వు కాదు, క్షమాపణ. చేయని తప్పుకు అడిగిన క్షమాపణ. ఆ సాయంత్రం రేడియో మేకు మీంచి దిగింది. మళ్లీ షాపులో ఆట కామెంటరీ పెట్టలేదు.

మర్నాడు పేపర్లో గోల్‌కీపర్ పేరు చూశారు. మీర్ రంజన్ నేగీ. మిగిలిన రెండు ముక్కలు ఎవరికి కావాలి? 'మీర్' అన్న మొదటి ముక్క చాలు. "మీర్ అంట. తురకోడే. కెప్టెన్ చూస్తే జఫర్ ఇక్బాల్. ఇంక గెలుస్తమా?" ఇదీ ఆ రోజు మా బస్టాండులో వినపడ్డ మాట. నేగీ కుమావూ కొండల హిందువు. ఆ సంగతి మా ఊరికి తెలియడానికి కొన్ని రోజులు పట్టింది. ఎవరో చదువుకున్నాయన వచ్చి చెప్పాడు. ఆ మాట విన్నాక మా మొహల్లాలో ఏం జరిగిందో చెబుతాను. దాచుకోవాల్సిన విషయమే, అయినా చెబుతాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "హమ్మయ్య, మనోడు కాదులే" అన్నారు. అమ్మీ అల్లాకు షుక్రియా చెప్పింది.

నలభై ఏళ్లు దాటాయి. నవ్విన వాళ్ల మీద నాకు ఉన్న కోపం కంటే, మేము పీల్చుకున్న ఆ ఊపిరి మీద నాకు ఉన్న సిగ్గే ఎక్కువ. ఎందుకంటే నేగీ ఏ నేరమూ చేయలేదు. లంచం తిని గోల్స్ వదిలాడని దేశమంతా అతన్ని తిట్టింది. ద్రోహి అంది. ఆ నింద ఎక్కడా రుజువు కాలేదు. అతని బతుకును మాత్రం ఏళ్ల తరబడి నమిలేసింది. ఆ మనిషి నలిగిపోతుంటే, 'మనోడు కాదులే' అని మేము సంతోషించాం. అంటే నేరం అంటూ ఒకటి జరిగిందని మేమూ ఒప్పుకున్నట్టే. నేరస్థుడి మతం ఏదన్న దగ్గర మాత్రమే మాకు పేచీ. మెజారిటీ వాడి అనుమానం మైనారిటీ వాడి గుండెలో కూడా ఇల్లు కట్టుకుంటుందంటే ఇదే.

ఇప్పుడు అసలు ఆట సంగతి మాట్లాడదాం. దేశభక్తి పేరుతో అరిచేవాళ్లలో నూటికి తొంభై మందికి ఆట గురించి ఏమీ తెలియదు. తెలిసి ఉంటే ఆ ఏడు గోల్స్‌కు ద్రోహం అనే కారణం అవసరమే లేదు.

ఆసియా క్రీడల్లో హాకీ మొదలైంది 1958లో. అప్పటి నుంచి 1978 దాకా ఆరుసార్లు జరిగితే అయిదుసార్లు బంగారు పతకం పాకిస్తాన్‌దే. మనం గెలిచింది ఒక్కసారే, 1966లో బ్యాంకాక్‌లో. 1982 జనవరిలో మన బొంబాయిలోనే ప్రపంచ కప్ జరిగింది. మన గడ్డ మీదే పాకిస్తాన్ ప్రపంచ ఛాంపియన్ అయింది. మనం అయిదో స్థానంలో నిలిచాం. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కూడా బంగారం వాళ్లదే. అంటే ఆ రోజు ఢిల్లీలో మన పిల్లలు తలపడింది ఆ కాలంలో ప్రపంచంలోనే అందరికన్నా గొప్ప జట్టుతో. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ పచ్చగడ్డి మీంచి కృత్రిమ గడ్డి మీదికి మారింది. ఆ ఏడాది మనం ఏడో స్థానానికి పడిపోయాం. అంతకు ముందు ఒలింపిక్స్ నుంచి హాకీ పతకం లేకుండా మనం తిరిగి వచ్చిందే లేదు. మన పిల్లలు ఊళ్లలో మట్టి మీద, గడ్డి మీద ఆడి పెరుగుతుంటే ప్రపంచం ఆటనే మార్చేసింది. 1980లో మాస్కోలో మనకు బంగారం వచ్చిన మాట నిజమే. ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించి పాకిస్తాన్, పశ్చిమ జర్మనీ, హాలెండ్ రాలేదన్నది కూడా నిజమే. ఆ బంగారం వెనక మన బలహీనత రెండేళ్లు దాక్కుంది. ఢిల్లీలో బయటపడింది.

మైదానాలు వేయని ప్రభుత్వాన్ని అడగాలి. మారిన ఆటను ఆలస్యంగా గుర్తించిన సంఘాల పెద్దల్ని అడగాలి. వాళ్లను అడగడం కష్టం. పేరులో 'మీర్' ఉన్నవాణ్ణి అడగడం తేలిక. ఓటమికి కారణం వెతకడమంటే ఆలోచించాలి. ద్రోహిని వెతకడానికి ఆలోచన అక్కర్లేదు, ఓటర్ల జాబితా చాలు.

ఇంకో మాట. అదే ఆసియా క్రీడల్లో ఆడవాళ్ల హాకీ మొదటిసారి పెట్టారు. మన అమ్మాయిలు బంగారం గెలిచారు. కెప్టెన్ ఎలిజా నెల్సన్. ఆ పేరు మీలో ఎంతమందికి గుర్తుంది? మొత్తం 57 పతకాలు వచ్చాయి, అందులో 13 బంగారం. పి.టి. ఉష రెండు వెండి పతకాలు తెచ్చింది. ఎమ్.డి. వల్సమ్మ బంగారం తెచ్చింది. ఇవేవీ మా బస్టాండులో చర్చకు రాలేదు. ఎలిజా గెలిస్తే ఎవరి మతమూ ఎవరికీ గుర్తుకు రాలేదు. మీర్ ఓడితేనే మతం గుర్తొచ్చింది. గెలుపు దేశం ఖాతాలోకి, ఓటమి మా ఖాతాలోకి. ఈ పద్దు రాసిన గుమాస్తా ఎవరు?

ఓటమి పాకిస్తాన్ చేతిలో అయితేనే అది ద్రోహం. వేరే దేశం చేతిలో అయితే ఉత్త ఓటమి. రుజువు కావాలా? 1952 హెల్సింకి ఒలింపిక్స్. ఫుట్‌బాల్‌లో యుగోస్లావియా చేతిలో మనం 10-1తో ఓడాం. ఏడు కాదు, పది. మన ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ జట్టు కోచ్ ఎవరో తెలుసా? సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ బడిపంతులు. ఆయన్ని అప్పుడు ఎవరూ ద్రోహి అనలేదు. యుగోస్లావియాకు అమ్ముడుపోయాడని ఎవరూ అనలేదు. ఎందుకంటే 'యుగోస్లావియాకు పో' అని ఎవణ్ణీ తిట్టే అలవాటు ఈ దేశంలో లేదు కదా!

ఆ ఓటమిని ఓటమిగానే చూశారు గనక ఏం జరిగిందో చూడండి. కాళ్లకు బూట్లు వచ్చాయి. ఆట తీరు మారింది. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఇండియా సెమీఫైనల్‌కు చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశం అంత దూరం వెళ్లడం అదే మొదలు. నాలుగో స్థానం. కోచ్ ఆ బడిపంతులే. ఓడిపోయే హక్కు ఉన్నవాడు నేర్చుకుంటాడు. ఆ హక్కు లేనివాడు దాక్కుంటాడు. నేగీని దాక్కునేలా చేశారు. రహీంను నేర్చుకోనిచ్చారు. తేడా ఇంతే.

రహీం సాబ్ గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. ఆ తర్వాత తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక పల్లెల్లో ముస్లింలకు ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రాసింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు. ఆ నెత్తురు ఆరకముందే, 1950లో, రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచింది. 1954 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్ బంగారం మనది. కోచ్ రహీం. రజాకార్ అనే మాటను ప్రతి సాయిబు నుదుటి మీదా పచ్చబొట్టులా పొడుస్తున్న రోజుల్లో, హైదరాబాదీ ముస్లిం ఒకడు ఈ కొత్త దేశానికి ఆటలో మొదటి కిరీటాలు తెచ్చిపెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో రజాకార్లున్నారు. రహీం ఎక్కడ?

1962 జకార్తా. నాలుగో ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని మన దేశపు ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టాడు. జకార్తా జనం మన దేశం మీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీదికి వెళ్లారు. ఫైనల్ రోజున లక్ష మంది కూర్చున్న స్టేడియం మన జట్టును చూసి ఊళలు వేసింది. కోచ్ రహీం ఒంట్లో అప్పటికే క్యాన్సర్. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం నుంచి లేచి వచ్చాడు. జర్నైల్ సింగ్ తలకు కుట్లున్నాయి, అతన్ని రహీం ముందువరసలో ఆడించాడు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఒక గోలు పి.కె. బెనర్జీది, ఇంకోటి ఆ కుట్లు పడ్డ తల జర్నైల్‌ది. జట్టులో మన హైదరాబాద్ యూసుఫ్ ఖాన్, సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నారు. తంగరాజ్ కూడా మన హైదరాబాద్ మైదానాల్లోనే పెరిగిన ఆటగాడు.

ఈ కథలో రెండు సంగతులు గమనించండి. ఆ రోజు స్టేడియంలో మన మీద అరిచింది ముస్లింలు అధికంగా ఉన్న దేశపు జనం. ఆ అరుపుల మధ్య బెంచీ మీద కూర్చుని ఇండియాను గెలిపించింది ఒక ముస్లిం. మతం ఒక్కటైతే మనసూ ఒక్కటే అనే సిద్ధాంతం జకార్తాలో ఆ సాయంత్రమే చచ్చిపోయింది. శవాన్ని ఇంకా ఇక్కడ ఊరేగిస్తున్నారు. రెండో సంగతి: ఆ రోజు ఆ స్టేడియంలో మన జట్టు తరఫున అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్లని మన ఆటగాళ్లే తర్వాత చెప్పుకున్నారు. ముందురోజే మనల్ని హాకీ ఫైనల్లో ఓడించినవాళ్లు. వాళ్లను లాహోర్‌లో ఎవరైనా ద్రోహులన్నారేమో నాకు తెలియదు. అని ఉంటే ఆ అన్నవాళ్లూ మా కరణం గారి అబ్బాయికి అన్నదమ్ములే.

1963 జూన్ 11న రహీం సాబ్ చనిపోయాడు. ఏ పద్మ అవార్డూ రాలేదు. ఆయన మీద 2024లో హిందీ సినిమా వచ్చింది. అరవై ఏళ్లకు పైగా పట్టింది. సంతోషమే. హైదరాబాద్ ఫుట్‌బాల్ మాత్రం ఆయనతోనే వాడిపోవడం మొదలుపెట్టింది. అరవైల తర్వాత మళ్లీ లేవలేదు.

మా అబ్బా 'వాహ్' దగ్గరికి మళ్లీ వస్తాను. 1999 జనవరి 31. చెన్నైలో క్రికెట్ టెస్టు. పాకిస్తాన్ గెలిచింది. స్టేడియం మొత్తం లేచి నిలబడి పాకిస్తాన్ ఆటగాళ్లకు చప్పట్లు కొట్టింది. వాళ్లు మైదానం చుట్టూ తిరిగి దండాలు పెట్టారు. పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. చెన్నై ప్రేక్షకుల సంస్కారం అన్నాయి, క్రీడాస్ఫూర్తి అన్నాయి. నేనూ అంటాను. ఆ రోజు చెన్నైకి నా సలాం. నా ప్రశ్న ఒక్కటే. ఆ చప్పట్లు భెండీ బజార్లో కొట్టి ఉంటే? చార్మినార్ కింద కొట్టి ఉంటే? మెజారిటీ చేతుల చప్పుడు సంస్కారం, మా చేతుల చప్పుడు కుట్ర. 2021 అక్టోబరులో ప్రపంచ కప్‌లో పాకిస్తాన్ గెలిస్తే సంబరపడ్డారని ఆగ్రాలో ముగ్గురు కశ్మీరీ విద్యార్థుల్ని పట్టుకెళ్లి రాజద్రోహం కేసు పెట్టారు. నెలల తరబడి జైల్లో ఉంచారు. వాళ్ల తరఫున వాదించబోమని అక్కడి వకీళ్లు తీర్మానం చేశారు. ఆట చూసి సంబరపడితే జైలు! పేల్చినవి బాంబులు కాదు, వేళ్లు కదిపారు ఫోన్ మీద.

ఇక్కడ నా వాళ్లతో కూడా పేచీ ఉంది. పాకిస్తాన్ గెలిస్తే టపాకాయలు కాల్చే కుర్రాళ్లు మాలో లేరా అని అడుగుతారు. ఉన్నారు, అక్కడక్కడా. దాచను. వాళ్లకు పాకిస్తాన్ ఎక్కడుందో కూడా తెలియదు. రోజూ 'పాకిస్తానోడా' అని పిలిపించుకున్నవాడు, ఒకరోజు 'సరే, అవును' అంటాడు. అది ప్రేమ కాదు, మొండితనం. దాన్ని నేను సమర్థించను, కానీ దానికి తల్లి ఎవరో నాకు తెలుసు. ఇక మా పెద్ద టోపీల సంగతి. హైదరాబాద్ పిల్ల సానియా మీర్జా రాకెట్ పట్టి ప్రపంచం చుట్టి వస్తుంటే 2005లో కొందరు మౌల్వీలకు ఆమె లంగా పొడుగు తప్ప ఇంకేమీ కనపడలేదు. 2014 జులైలో ఆమెను తెలంగాణ రాయబారిగా పెడితే ఇక్కడి ఎమ్మెల్యే ఒకడు 'పాకిస్తాన్ కోడలు' అన్నాడు. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన తెలుగు కుర్రాడు సాకేత్ మైనేనితో కలిసి ఆమె దేశానికి బంగారం తెచ్చింది. మౌల్వీకి ఆమె చాలినంత ముస్లిం కాదు. ఎమ్మెల్యేకు చాలినంత భారతీయురాలు కాదు. ఆమె ఒంటి మీద ఇద్దరూ కొలతలు తీశారు. దర్జీలు వేరు, టేపు ఒక్కటే.

ఈ అనుమానం మాకొక్కళ్లకే కట్టిన తాయెత్తు కూడా కాదు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల హాకీ జట్టు సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడింది. హరిద్వార్ దగ్గర ఊళ్లో వందన కటారియా ఇంటి ముందు టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టారు. దళితులు ఎక్కువయ్యారు గనకే ఓడామన్నారు. కొద్ది రోజుల ముందే దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టిన పిల్ల ఆమె. అదే ఏడు క్రికెట్‌లో మహమ్మద్ షమీని తిట్టారు. 2022లో క్యాచ్ వదిలినందుకు సిక్కు కుర్రాడు అర్ష్‌దీప్‌ను ఖలిస్తానీ అన్నారు. ముస్లిం, దళిత, సిక్కు. పేరులో తేడాతో నేగీ కూడా. జట్టులో పదకొండు మంది ఉంటారు. ఓడినప్పుడు మాత్రం ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడు ఎవడో ముందే నిర్ణయమై ఉంటుంది.

2007లో 'చక్ దే ఇండియా' సినిమా వచ్చింది. అందులో హాకీ కెప్టెన్ కబీర్ ఖాన్ పాకిస్తాన్ మీద పెనాల్టీ స్ట్రోక్ తప్పిస్తాడు. దేశద్రోహి అంటారు. ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. ఏళ్ల తర్వాత ఆడవాళ్ల జట్టుకు కోచ్‌గా వచ్చి ప్రపంచ కప్ తెస్తాడు. మచ్చ పోతుంది. ఇది నేగీ కథ కాదని రాసినాయన అన్నాడు. కావచ్చు. ఆ సినిమా నటులకు హాకీ నేర్పింది మాత్రం నేగీయే. నిజ జీవితంలో కూడా 1998లో బ్యాంకాక్‌లో ఆసియా బంగారం గెలిచిన జట్టుకూ, 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం గెలిచిన ఆడవాళ్ల జట్టుకూ గోల్‌కీపింగ్ నేర్పిన మనిషి అతను. మంచి సినిమా. నేనూ కన్నీళ్లు పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక కోపం వచ్చింది. కబీర్ ఖాన్ మచ్చ ఎలా పోయింది? కప్పు తెచ్చాక పోయింది. తేకపోయి ఉంటే? ఫైనల్లో మళ్లీ ఓడి ఉంటే? అతను అప్పుడు ద్రోహేనా? నిర్దోషికి నిర్దోషి అనిపించుకోవడానికి ప్రపంచ కప్ కావాలా? సరే, కబీర్ ఖాన్ కప్పు తెచ్చాడు. పంక్చర్లు వేసుకునే మా అబ్బా ఏ కప్పు తేవాలి?

ఇక్కడే నాకు అభ్యుదయ మిత్రులతో తగాదా. ఎవరైనా మమ్మల్ని అనుమానిస్తే మీరు వెంటనే మా తరఫున ఒక జాబితా చదువుతారు. అబ్దుల్ హమీద్, అబ్దుల్ కలాం, జఫర్ ఇక్బాల్, మహమ్మద్ షాహిద్, నిఖత్ జరీన్. మీ మనసు మంచిదే. నేను కూడా ఇంతసేపూ ఆ జాబితాయే చదివాను. రహీం, యూసుఫ్ ఖాన్, సానియా అన్నాను. 1984లో లాస్ ఏంజెలిస్‌లో జాతీయ జెండా మోసింది అదే జఫర్ ఇక్బాల్ అని కూడా అనబోయాను. చదువుతుంటే నా గొంతు నాకే మా అబ్బా నవ్వులా వినపడింది. ఆ జాబితాను నేను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్లు గొప్పవాళ్లు కాదని కాదు. వాళ్ల పతకాలు నా అద్దె రసీదులు కావు. ఈ ఇంట్లో నేను అద్దెకు ఉండటం లేదు. మీరు మీ దేశభక్తికి సాక్ష్యంగా ధ్యాన్‌చంద్‌ను తీసుకొస్తారా? పేకాటలో ఓడి ఇంటికెళ్లిన రెడ్డి గారిని, పరీక్ష తప్పిన శర్మ గారి అబ్బాయిని మీరు సచిన్ పేరు చెప్పి క్షమిస్తారా? మామూలు మనిషిగా, ఏ గొప్పతనమూ లేకుండా, ఏ పతకమూ లేకుండా, కొంచెం బద్ధకంగా, కొంచెం పిరికిగా ఈ దేశంలో బతకగలిగిన రోజు నేను ఈ దేశపు పౌరుణ్ణి. అంతవరకూ పరీక్ష రాస్తున్న విద్యార్థిని.

నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం తెచ్చింది. 2023లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్. అందరూ 'మన నిఖత్' అన్నారు. అదే ఏడు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కంచుతో ఆగింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడి పతకం లేకుండా ఏడుస్తూ వచ్చింది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని నేను భయపడ్డాను. ఆమె ఓడినందుకు కాదు. ఎవరేమంటారో అని. ఆ తర్వాత ఒక పాడు ఆలోచన వచ్చింది: 'పోనీలే, చైనాయే కదా, పాకిస్తాన్ కాదు కదా.' పన్నెండేళ్ల వయసులో విన్న 'మనోడు కాదులే'కి ఇది మనవరాలు. ఆ అమ్మాయి గుద్దు గుద్దుకూ కష్టపడి ఆడిన ఆటను నేను ఆటగా చూడలేకపోయాను. నా కళ్లలోంచి ఆ ఆటను లాక్కున్నది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు.

హాంగ్‌ఝౌలో ఇంకొకటి జరిగింది. 2023 సెప్టెంబరు 30న హాకీలో ఇండియా పాకిస్తాన్‌ను 10-2తో ఓడించింది. ఆ తర్వాత బంగారం కూడా మనదే. అన్నీ కలిపి ఆ క్రీడల్లో 107 పతకాలొచ్చాయి. ఢిల్లీ ఏడు గోల్స్‌కు వడ్డీతో సహా జమ అయిందని కొందరు రాశారు. అప్పు తీరిందన్నారు. మంచిది. అప్పు తీరితే తాకట్టు పెట్టుకున్నది వెనక్కి ఇవ్వాలి కదా. 1982లో మీరు మా దగ్గర తాకట్టు పెట్టుకున్నది ఎప్పుడు తిరిగి ఇస్తారు?

మా అబ్బా 2001లో పోయాడు. ఆ రేడియో ఇప్పుడు నా దగ్గరుంది. పాడైపోయింది, పలకదు. మేకు ఉన్న గోడ కూడా లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. నాకు ఇండియా గెలవాలనే ఉంటుంది. ప్రతిసారీ ఉంటుంది. దాన్ని మీకు రుజువు చేయను. కానీ ఎప్పుడైనా మనం ఓడతాం. ఆటలో ఎవరైనా ఓడతారు. అవతలివాడు గొప్పగా ఆడతాడు, ఏ దేశంవాడైనా సరే. ఆ రోజు నా పక్కన కూర్చున్న మనిషి మొహం వంక చూడకుండా, గొంతు తగ్గించకుండా, నేను గట్టిగా 'వాహ్' అనాలి.

అంతే అడుగుతున్నాను. కప్పులు మీరే ఉంచుకోండి.